సున్నం

సున్నం అనునది సున్నపురాయిని గాని, నత్తగుల్లలు, ఆల్చిప్పల వంటివాటిని గాని బట్టీలో కాల్చగా లభించే తెల్లని క్షార పదార్థం. రసాయనికంగా ఇది కాల్షియం ఆక్సైడ్. దీనికి నీరు చేర్చితే కాల్షియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. వాడుకలో ఈ రెంటినీ సున్నమనే అంటారు. గోడలకు వెల్ల వేయడానికీ, తాంబూలంలోనూ వాడే సున్నం తెలియని తెలుగువారు ఉండరు. అయితే ఈ సామాన్య పదార్థానికి విజ్ఞానశాస్త్ర చరిత్రలోనూ, ఇంజనీరింగు చరిత్రలోనూ విశిష్ట స్థానం ఉన్నది. కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు) స్వరూపం సున్నంపై జరిగిన పరిశోధనల ద్వారానే స్పష్టపడినది. నీటిలో సైతం గట్టిపడే సున్నం కోసం సాగిన అన్వేషణ నుండి ఆధునిక సిమెంటు పుట్టినది. నేడు పర్యావరణానికి హాని తగ్గించే నిర్మాణ పద్ధతుల గురించి జరుగుతున్న చర్చకు కూడా సున్నపురాయిని కాల్చినపుడు వెలువడే వాయువే మూలం.

పేరు

తెలుగు 'సున్నము' అనే మాట సంస్కృత 'చూర్ణం' నుండి ప్రాకృత రూపమైన 'చుణ్ణ' ద్వారా వచ్చినది. చూర్ణం అనగా పొడి. అంకెలలోని 'సున్న' 'శూన్యం' నుండి వచ్చినది కనుక ఈ రెండు మాటలకూ సంబంధం లేదు. సంస్కృతంలో 'సుధ' అనే పదానికి అమృతమనే అర్థంతో పాటు సున్నమనే అర్థం కూడా ఉన్నది. సుధ పూసిన భవనం కనుక 'సౌధం' అనే పేరు ఏర్పడినది.

నిర్మాణరంగంలో సున్నానికి సంబంధించిన మాటలు తెలుగులో అనేకం ఉన్నాయి. వాటిలో కొన్ని:

* పొడిసున్నం: కాల్చగా వచ్చిన, ఇంకా నీరు తగలని సున్నం (కాల్షియం ఆక్సైడ్).
* తడిసున్నం: నీరు చేర్చిన సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్).
* సున్నపుతేట: తడిసున్నాన్ని ఎక్కువ నీటిలో కలిపి నిలువ ఉంచినపుడు పైన తేరే నిర్మలమైన ద్రావణం.
* గార: రాళ్ళను, ఇటుకలను అతికించడానికి లేదా గోడలపై పూయడానికి సున్నం, ఇసుకలతో చేసే మిశ్రమం.
* డంగుసున్నం, గానుగ సున్నం: సున్నం, ఇసుకలను రాతి గానుగలో బాగా నూరి తయారు చేసిన గార.
* గచ్చు: సున్నంతో వేసిన నేల లేదా నున్నని పూత.
* సుర్కీ: గారలో కలపడానికి వాడే, కాల్చిన ఇటుకల లేదా కాల్చిన మట్టి పొడి.

రసాయన స్వభావం

సున్నం మూడు దశలలో మార్పు చెంది తిరిగి మొదటి స్థితికి చేరుకుంటుంది. దీనిని సున్నపు చక్రం అని చెప్పవచ్చు.

1. కాల్చడం: సున్నపురాయి (కాల్షియం కార్బొనేట్) → పొడిసున్నం + కార్బన్ డయాక్సైడ్
2. తడపడం: పొడిసున్నం + నీరు → తడిసున్నం + వేడి
3. గట్టిపడడం: తడిసున్నం + గాలిలోని కార్బన్ డయాక్సైడ్ → కాల్షియం కార్బొనేట్ + నీరు

మొదటి చర్య జరగడానికి సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత అవసరం. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మాత్రమే మిగులుతుంది. తక్కిన 44 కిలోలు వాయురూపంలో పోతాయి. రాయి పరిమాణం అంతగా తగ్గకపోయినా బరువు దాదాపు సగానికి పడిపోతుంది.

రెండవ దశలో 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీటితో సంయోగం చెంది 74 కిలోల తడిసున్నంగా మారుతుంది. ఈ చర్యలో చాలా వేడి పుడుతుంది. నీరు కుతకుత ఉడుకుతుంది, గడ్డలు పగిలి విచ్చుకొని పొడి అవుతాయి.

మూడవ దశ మిక్కిలి నెమ్మదైనది. గోడపై పూసిన సున్నం గాలి నుండి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని తిరిగి రాయిగా మారుతుంది. 74 కిలోల తడిసున్నం పూర్తిగా మారితే 44 కిలోల వాయువును గ్రహించి 100 కిలోల కాల్షియం కార్బొనేట్ అవుతుంది. కాల్చినపుడు రాయి నుండి పోయినదంతా తిరిగి వస్తుంది. కాని ఈ మార్పు గాలి తగిలే పైపొర నుండి లోనికి పోతుంది. మందమైన గోడలలో ఇందుకు ఎన్నో సంవత్సరాలు పట్టవచ్చు.

సున్నం నీటిలో స్వల్పంగా మాత్రమే కరుగుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో కరిగేది 2 గ్రాముల కంటే తక్కువ. సున్నపుతేటలోనికి గొట్టం ద్వారా గాలి ఊదితే అది పాలవలె తెల్లబడుతుంది. నిశ్వాసంలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్ ఏర్పడడమే ఇందుకు కారణం. పాఠశాలలలో విద్యార్థులు చేసే ఈ ప్రయోగంలో జరిగేది గోడపై సున్నం గట్టిపడేటపుడు జరిగే చర్యే.

లభ్యత

తెలుగు రాష్ట్రాలలో సున్నపురాయి నిక్షేపాలు విస్తారంగా ఉన్నాయి. కడప, కర్నూలు, నంద్యాల, పల్నాడు, నల్గొండ, సూర్యాపేట, వికారాబాదు, మంచిర్యాల ప్రాంతాలు వీటికి ప్రసిద్ధి. ఈ ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు కేంద్రీకృతం కావడానికి ఇదే కారణం. తాండూరు, బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్ళు కూడా సున్నపురాయి జాతికి చెందినవే. నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని బొర్రా గుహలు సున్నపురాయిలో నీటి ప్రవాహం వలన ఏర్పడినవి.

తీరప్రాంతాలలో రాతికి బదులు గుల్లలను కాల్చి సున్నం తయారు చేసేవారు. గుల్ల సున్నం మలినాలు తక్కువగా ఉండి మిక్కిలి తెల్లగా ఉంటుంది. పాలరాతివలె మెరిసే 'మద్రాసు చునాం' అనే నున్నని పూతకు గుల్ల సున్నమే ఆధారం.

సంప్రదాయ తయారీ

బట్టీలో సున్నపురాయి ముక్కలను, కట్టెలు లేదా బొగ్గును వరుసలుగా పేర్చి కాల్చేవారు. రాయి సరిగా కాలకపోతే నడుమ పచ్చిరాయి మిగిలిపోతుంది. మితిమీరి కాలితే సున్నం నీటితో త్వరగా కలవదు. అటువంటి గడ్డలు గోడలో చేరిన తరువాత ఆలస్యంగా తడిసి ఉబ్బి, పూతను పగలగొడతాయి. అందువలన పొడిసున్నాన్ని గోతులలో లేదా తొట్లలో నీరు పోసి చాలా దినాలు మాగబెట్టేవారు.

మాగిన సున్నంలో ఇసుక, సుర్కీ కలిపి గానుగలో నూరేవారు. గానుగ అనగా గుండ్రని రాతి కాలువలో ఎద్దులు తిప్పే రాతి చక్రం. నూరే సమయంలో కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు చేర్చడం దక్షిణ భారతదేశమంతటా ఉన్న ఆచారం. చక్కెర పదార్థాలు సున్నం నీటిలో మరింతగా కరగడానికి తోడ్పడతాయి, తక్కువ నీటితో మిశ్రమాన్ని మెత్తబరుస్తాయి. కొన్నిచోట్ల పూత పగుళ్ళు బారకుండా నార ముక్కలు కూడా కలిపేవారు.

ప్రాచీన చరిత్ర

సున్నం తయారీ మిక్కిలి ప్రాచీనమైనది. పశ్చిమాసియాలో మట్టిపాత్రలు వాడుకలోకి రాకముందే సున్నపు గచ్చు నేలలు వేసిన ఆధారాలు లభించాయి. జోర్డాన్‌లోని ఐన్ ఘజాల్ వద్ద దొరికిన, సుమారు 9,000 సంవత్సరాల నాటి మానవ ప్రతిమలు సున్నపు గారతో చేసినవి.

మామూలు సున్నం గాలి తగలనిదే గట్టిపడదు. నీటి అడుగున అది మెత్తగానే ఉండి క్రమంగా కొట్టుకొనిపోతుంది. రోమనులు ఈ లోపానికి పరిష్కారం కనుగొన్నారు. ఇటలీలో నేపుల్స్ సమీపాన గల పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపితే ఆ మిశ్రమం నీటిలో కూడా రాయివలె బిగుసుకుంటుంది. బూడిదలోని సిలికా, అల్యూమినాలు సున్నంతో చర్య జరిపి కొత్త సమ్మేళనాలను ఏర్పరచడం ఇందుకు కారణం. ఆ ఊరి పేరు మీదుగా ఇటువంటి పదార్థాలకు పొజొలానాలు అనే పేరు వచ్చినది. క్రీ.పూ. మొదటి శతాబ్దపు వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో దీనిని వర్ణించాడు. రోములో క్రీ.శ. 128 ప్రాంతంలో పూర్తయిన పాంథియాన్ గోపురం వ్యాసం సుమారు 43 మీటర్లు. ఇనుప చువ్వలు లేని కాంక్రీటు గోపురాలలో నేటికీ ఇదే అతి పెద్దది. రోమను కాంక్రీటులో మిగిలిన చిన్న సున్నపు గడ్డలు పగుళ్ళలో చేరిన నీటిలో కరిగి, ఆ పగుళ్ళను తిరిగి పూడ్చడానికి తోడ్పడతాయని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రతిపాదించినది.

భారతదేశంలో అగ్నిపర్వత బూడిదకు బదులు కాల్చిన ఇటుక పొడి వాడుకలో ఉండేది. సుర్కీ చేసే పని కూడా పొజొలానా చేసే పనే.

తెలుగునాట సున్నపు కట్టడాలు

గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, 1591లో నిర్మితమైన చార్మినార్ రాయి, సున్నపు గారలతో కట్టినవి. చార్మినార్ మినారులపై కనిపించే పూలు, లతలు, సన్నని అలంకరణలు సున్నపు గచ్చుతో చేసిన గారపనికి చక్కని ఉదాహరణలు. గట్టిగా ఉండే నల్లరాతిపై ఇంత సున్నితమైన పని చేయడం కష్టం. మెత్తగా మలచడానికి వీలై, తరువాత రాయిగా మారే సున్నపు స్వభావం వలననే ఈ శైలి సాధ్యపడినది.

సున్నం వలన జరిగిన నష్టానికి కూడా తెలుగునాట ఒక ఉదాహరణ ఉన్నది. అమరావతి స్తూపపు శిల్పాలు పల్నాటి సున్నపురాతిలో చెక్కినవి. స్తూపం శిథిలమైన తరువాత ఆ ఫలకాలు స్థానికులకు కట్టడపు సామగ్రిగా కనిపించాయి. 18వ శతాబ్ది చివరలో కోలిన్ మెకంజీ ఈ స్తూపాన్ని చూచి, తరువాత 1816 ప్రాంతంలో తిరిగి వచ్చి మిగిలిన శిల్పాలకు చిత్రాలు గీయించాడు. ఆ కాలంలో అనేక శిల్ప ఫలకాలను కొత్త కట్టడాలకు తరలించారు, కొన్నింటిని సున్నం కోసం బట్టీలలో కాల్చివేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు అనంతరం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. శిల్పి ఎంచుకొన్న రాయి, సున్నం కాల్చేవాడు కోరుకొన్న రాయి ఒకటే కావడం ఈ విధ్వంసానికి ఒక కారణం.

నీటిపారుదల కట్టడాలలోనూ సున్నం ప్రధానమైనది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 - 1852 మధ్య ధవళేశ్వరం వద్ద గోదావరిపై నిర్మించిన ఆనకట్ట సిమెంటు భారతదేశంలో వాడుకకు రాక పూర్వపు కట్టడం. రాయలసీమకు నీరందించే తుంగభద్ర ఆనకట్ట నిర్మాణంలో 20వ శతాబ్ది మధ్యలో కూడా సుర్కీ గార వాడబడినది. కేరళలో 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నం, సుర్కీలతో కట్టినది. ఊటనీటితో పాటు సున్నం కరిగి పోవడం అటువంటి కట్టడాలకు ఉన్న బలహీనత. ఆ ఆనకట్ట భద్రత గురించి కేరళ, తమిళనాడు రాష్ట్రాల మధ్య దీర్ఘకాలం వివాదం నడిచినది. దానిని తరువాతి కాలంలో కాంక్రీటుతోనూ, ఉక్కు తీగలతోనూ బలపరచారు.

విజ్ఞానశాస్త్రంలో సున్నం

18వ శతాబ్ది మధ్యకాలం వరకు, కాల్చిన సున్నానికి గల దాహకశక్తి నిప్పు నుండి వచ్చినదని పండితులు భావించేవారు. మంటలోని ఏదో పదార్థం రాతిలో చేరి దానిని ఘాటుగా మారుస్తుందని వారి నమ్మకం. అదే కాలంలో మూత్రాశయంలోని రాళ్ళను కరిగించే మందుగా సున్నపుతేట ప్రచారంలోకి వచ్చినది. ఏ సున్నం మేలైనదనే విషయంపై స్కాట్లాండులోని ఎడింబరో విశ్వవిద్యాలయపు ఆచార్యుల మధ్య వివాదం చెలరేగినది. అక్కడ వైద్య విద్యార్థిగా ఉన్న జోసెఫ్ బ్లాక్ (1728 - 1799) ఈ వివాదంలో నేరుగా తలదూర్చకుండా, సున్నాన్ని పోలిన మెగ్నీషియా అనే తెల్లని పదార్థాన్ని పరిశోధనకు ఎన్నుకొన్నాడు. 1754లో సిద్ధాంత వ్యాసం సమర్పించి, 1756లో సున్నంతో సహా తన ప్రయోగాలను విపులంగా ప్రచురించాడు.

బ్లాక్ ప్రయోగాల విశిష్టత తూకంలో ఉన్నది. నిప్పు నుండి ఏదైనా వచ్చి చేరితే బరువు పెరగాలి. కాని కాల్చినపుడు బరువు తగ్గుతున్నది. కనుక కాల్చడం వలన రాతిలోనికి ఏదీ చేరడం లేదు, రాతి నుండి ఒక వాయువు పోతున్నదని అతడు నిరూపించాడు. ఆ వాయువును తిరిగి చేర్చితే మొదటి పదార్థం మొదటి బరువుతో ఏర్పడుతుందని కూడా చూపించాడు. ఘనపదార్థంలో బంధింపబడి ఉన్నది కనుక దానిని 'స్థిరవాయువు' అని పిలిచాడు. అదే నేటి కార్బన్ డయాక్సైడ్. సున్నపుతేట సాయంతో ఈ వాయువు మనుష్యుల నిశ్వాసంలోనూ, పులిసే ద్రవాల నుండీ, మండే బొగ్గు నుండీ వెలువడుతుందని గుర్తించాడు.

అంతకు పూర్వం గాలి అంతా ఒకే పదార్థమని భావించేవారు. సాధారణ గాలికి భిన్నమైన ధర్మాలు గల వాయువు ఒకటి ఉన్నదనీ, అది ఘనపదార్థాలలో భాగం కాగలదనీ తేలడంతో వాయువుల రసాయనశాస్త్రానికి పునాది పడినది. చర్యకు ముందు, తరువాత తూచి చూచే పద్ధతిని తరువాతి తరంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజర్ రసాయనశాస్త్రానికి ప్రధాన సాధనంగా మలచాడు.

1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో సున్నం నుండి కాల్షియం లోహాన్ని వేరు చేశాడు. 1820వ దశకంలో, పొడిసున్నపు ముక్కను తీవ్రమైన జ్వాలతో వేడిచేసినపుడు వెలువడే ప్రకాశవంతమైన తెల్లని కాంతిని థామస్ డ్రమ్మండ్ ఐర్లండు భూమి సర్వేలో దూరపు గుర్తులకు వాడాడు. విద్యుద్దీపాలు రాక పూర్వం ఐరోపా నాటకశాలలలో ఈ 'లైమ్ లైటు' ప్రసిద్ధి చెందినది.

ఇంజనీరింగులో సున్నం

ఇంగ్లండులోని ప్లిమత్ రేవుకు సుమారు 22 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఎడ్డిస్టోన్ అనే రాతిగుట్ట ఉన్నది. దానిపై గల కొయ్య దీపస్తంభం 1755లో కాలిపోగా, కొత్త స్తంభం నిర్మించే పని జాన్ స్మీటన్‌కు అప్పగించబడినది. ప్రతి పోటుకూ నీట మునిగే రాతిపై కట్టవలసి రావడంతో నీటిలో గట్టిపడే గార అత్యవసరమైనది. స్మీటన్ పలు ప్రాంతాల సున్నాలను తెప్పించి పరీక్షించాడు. సున్నపురాయిని ఆమ్లంలో కరిగించి అడుగున మిగిలిన దానిని పరిశీలించగా, బంకమట్టి కలిసిన సున్నపురాళ్ళ నుండి వచ్చిన సున్నమే నీటిలో గట్టిపడుతున్నదని తేలినది. అప్పటివరకు రాయి ఎంత గట్టిదైతే సున్నం అంత మంచిదని మేస్త్రీల నమ్మకం. మలినంగా భావించిన మట్టే ఈ బలానికి కారణమని స్మీటన్ చూపించాడు. ఇటువంటి సున్నాన్ని హైడ్రాలిక్ సున్నం అంటారు.

వేల్స్‌లోని అబెర్తా సున్నాన్ని ఇటలీ పొజొలానాతో కలిపి నిర్మించిన ఆ దీపస్తంభం 1759లో వెలిగినది. శతాబ్దానికి పైగా పనిచేసిన తరువాత అడుగున ఉన్న గుట్ట కోతకు గురికావడంతో 1882లో పక్కనే మరొక స్తంభం నిర్మించారు. స్మీటన్ స్తంభపు పైభాగాన్ని విప్పి ప్లిమత్ తీరంలో తిరిగి నిలబెట్టారు. దాని మొదలు నేటికీ సముద్రంలో ఉన్నది. తనను తాను 'సివిల్ ఇంజనీరు' అని చెప్పుకొన్న తొలి వ్యక్తిగా స్మీటన్ పేరొందాడు.

స్మీటన్ చూపిన మార్గంలో అనేకులు కృషి చేశారు. ఫ్రాన్సులో లూయీ వికా 1810వ దశకంలో సున్నం, బంకమట్టిలను తగుపాళ్ళలో కలిపి కాల్చి కృత్రిమ హైడ్రాలిక్ సున్నం తయారు చేశాడు. 1824లో ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ 'పోర్ట్‌లాండ్ సిమెంటు'కు పేటెంటు పొందాడు. గట్టిపడిన తరువాత అది పోర్ట్‌లాండ్ రాతిని పోలి ఉంటుందని ఆ పేరు పెట్టాడు. తరువాతి దశాబ్దాలలో మిశ్రమాన్ని సుమారు 1450 డిగ్రీల వద్ద కాల్చి క్లింకర్ అనే గట్టి గడ్డలుగా మార్చి పొడిచేసే పద్ధతి స్థిరపడి నేటి సిమెంటు రూపొందినది.

సిమెంటు గాలికై వేచియుండక నీటితోనే చర్య జరిపి, గంటలలో బిగిసి, వారాలలో బలం పుంజుకుంటుంది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో కాంక్రీటులో ఇనుప చువ్వలు చేర్చే పద్ధతి వ్యాపించడంతో ఎత్తైన భవనాలు, పొడవైన వంతెనలు సాధ్యమయ్యాయి. ఈ పనులకు సున్నపు గార బలం చాలదు. 20వ శతాబ్దంలో సిమెంటు క్రమంగా సున్నం స్థానాన్ని ఆక్రమించినది. గానుగలతో పాటు, సున్నం నాణ్యతను చూపుతోనూ చేతితోనూ గుర్తించగల తాపీపనివారి నైపుణ్యం కూడా కనుమరుగు కాసాగినది.

సున్నం గాలి నుండి కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించడం సున్నపు గోడకు బలమిస్తుంది. కాని ఇనుప చువ్వలున్న కాంక్రీటులో ఇదే చర్య హానికరం. కాంక్రీటులోని క్షారగుణం చువ్వలను తుప్పు నుండి కాపాడుతుంది. వాయువు లోనికి చొచ్చుకొనిపోయే కొద్దీ ఆ గుణం తగ్గి, చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడతాయి.

ప్రాచీన కట్టడాల పరిరక్షణ

20వ శతాబ్దంలో అనేక పాత కట్టడాలకు సిమెంటుతో మరమ్మత్తులు చేశారు. ఇది తరచు మేలు కంటే కీడే చేసినది. ఇందుకు ముఖ్య కారణాలు:

* సున్నపు గోడలు తేమను పీల్చి తిరిగి ఆవిరిగా వదులుతాయి. సిమెంటు పూత ఆవిరిని సులభంగా పోనివ్వదు. తేమ లోపలే నిలిచి పాత గోడను మెత్తబరుస్తుంది.
* తేమతో పాటు లవణాలు సిమెంటు పూత వెనుక పేరుకొని స్ఫటికాలుగా మారి రాతిని, ఇటుకను పొరలుగా రాలుస్తాయి.
* పాత గోడ స్వల్పంగా కదిలినా సున్నపు గార ఓర్చుకుంటుంది. బిరుసైన సిమెంటు పగులుతుంది, లేదా పక్కనున్న రాతిని పగలగొడుతుంది.

హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, తెలుగు నేలలోని రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2013లో పరిరక్షణ పనులు ప్రారంభించినది. పూర్వం వేసిన సిమెంటు పొరలను తొలగించి, సంప్రదాయ పద్ధతిలో తయారుచేసిన సున్నపు గచ్చును తిరిగి వేశారు. ఈ పనులు 2024లో ముగిశాయి. 2019 మే నెలలో చార్మినార్ మినారు ఒకదాని నుండి గచ్చు అలంకరణ ముక్క ఊడిపడగా భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మరమ్మత్తు చేపట్టినది. ఇటువంటి పనుల వలన సున్నపు పని తెలిసిన మేస్త్రీల అవసరం తిరిగి ఏర్పడినది.

పర్యావరణం, సుస్థిర నిర్మాణం

ప్రపంచంలో ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు ఉత్పత్తి అవుతున్నది. చైనా తరువాత భారతదేశం రెండవ స్థానంలో ఉన్నది. మానవ కార్యకలాపాల వలన వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 - 8 శాతం సిమెంటు పరిశ్రమ నుండే వస్తున్నదని అంచనా. ఇందులో సగానికి పైగా ఇంధనం నుండి కాక, సున్నపురాయి నుండే వెలువడుతుంది. ఒక టన్ను క్లింకర్ తయారీలో రాతి నుండే సుమారు అర టన్ను వాయువు పోతుంది. బ్లాక్ తన తక్కెడలో గుర్తించిన 'స్థిరవాయువు' ఇదే. బట్టీని బొగ్గుకు బదులు సౌరశక్తితో నడిపినా ఈ భాగం తగ్గదు. అందువలన సమస్యకు పరిష్కారం ఇంధనాన్ని మార్చడంతో పూర్తికాదు, పదార్థాన్ని కూడా మార్చవలసి ఉంటుంది.

సున్నం వాడితే కాలుష్యం ఉండదనే అభిప్రాయం తరచు వినబడుతుంది. ఇది పూర్తిగా సరియైనది కాదు. ఒక టన్ను పొడిసున్నం తయారీలో రాతి నుండి సుమారు 785 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బరువుకు బరువు పోల్చితే ఇది సిమెంటు కంటే ఎక్కువ. అయితే గట్టిపడేటపుడు సున్నం ఇందులో చాలా భాగాన్ని తిరిగి గ్రహిస్తుంది. బట్టీలో కాల్చిన ఇంధనం నుండి వచ్చిన వాయువు మాత్రం తిరిగి రాదు. సిమెంటు కట్టడాలు కూడా కొంత వాయువును గ్రహిస్తాయి. 1930 - 2013 మధ్య సున్నపురాయి విఘటనం వలన సిమెంటు పరిశ్రమ నుండి వెలువడిన దానిలో సుమారు 43 శాతాన్ని సిమెంటు పదార్థాలు తిరిగి గ్రహించాయని 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసినది.

సున్నపు గారతో కట్టిన గోడను విప్పినపుడు ఇటుకలు చెడకుండా ఊడివస్తాయి, తిరిగి వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టిన ఇటుకలు విడదీసేటపుడు పగిలిపోతాయి. ఒకటి రెండు అంతస్తుల ఇండ్లకు, పూతలకు, పాత కట్టడాల మరమ్మత్తులకు సున్నం తగినది. బహుళ అంతస్తుల భవనాలకు, పెద్ద వంతెనలకు అది సిమెంటుకు ప్రత్యామ్నాయం కాజాలదు.

అందువలన సిమెంటులో క్లింకర్ పాలు తగ్గించే మార్గాలు ముఖ్యమయ్యాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, ఉక్కు కర్మాగారాల లోహపు చిట్టెం ఇందుకు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. ఇటీవల కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాతి పొడి కలిపి చేసే సిమెంటు ప్రాచుర్యం పొందుతున్నది. దీనిలో క్లింకర్ సగం మాత్రమే ఉంటుంది. బంకమట్టిని 700 - 850 డిగ్రీల వద్ద కాలిస్తే చాలు, పైగా మట్టి నుండి కార్బన్ డయాక్సైడ్ వెలువడదు. దీని వలన ఉద్గారాలు 40 శాతం వరకు తగ్గుతాయని అంచనా. స్విట్జర్లాండు, క్యూబా దేశాల పరిశోధకులతో పాటు భారతీయ సాంకేతిక విద్యాసంస్థల పరిశోధకులు కూడా దీని అభివృద్ధిలో పాల్గొన్నారు. 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ దీనికి ప్రమాణాన్ని ప్రకటించినది. కాల్చిన మట్టి సున్నంతో చర్య జరపడమే ఈ సిమెంటుకు ఆధారం. సుర్కీ గారలో జరిగేది కూడా ఇదే చర్య.

ఇతర ఉపయోగాలు

* తాంబూలంలో తమలపాకు, వక్కలతో పాటు వాడతారు.
* ఉక్కు, చక్కెర, కాగితపు పరిశ్రమలలో మలినాలను తొలగించడానికి, ఇతర ప్రక్రియలకు వాడతారు.
* త్రాగునీటిని, మురుగునీటిని శుద్ధి చేయడానికి ఉపయోగిస్తారు.
* ఆమ్ల నేలలను బాగుచేయడానికి, చేపల, రొయ్యల చెరువులలో ఆమ్లత్వాన్ని తగ్గించడానికి చల్లుతారు.

జాగ్రత్తలు

పొడిసున్నం చర్మానికి, కండ్లకు మిక్కిలి హానికరం. కంటిలో పడితే వెంటనే ఎక్కువ నీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళాలి. తడిపేటపుడు నీటిలో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. సున్నంపై ఒక్కసారిగా నీరు పోస్తే వేడికి మరిగి మీదికి చిమ్మే ప్రమాదం ఉన్నది. పిల్లలను దూరంగా ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* సున్నపురాయి
* సిమెంటు
* కాంక్రీటు
* కార్బన్ డయాక్సైడ్
* జోసెఫ్ బ్లాక్
* అమరావతి స్తూపం
* చార్మినార్
* కుతుబ్ షాహీ సమాధులు